చిటికెడు పసుపు – మోతాదు, శుద్ధత, వివేకం

తెలుగింటి పోపుల పెట్టెలో పసుపు లేని రోజు ఉండదు. పప్పులోను, పులుసులోను, గడప మీద, మంగళసూత్రపు తాడుకు, పసిపిల్లల నలుగుపిండిలోను దాని స్థానం సుస్థిరమైనది. ఇంతగా మన జీవితంలో కలిసిపోయిన వస్తువును గురించి కొత్తగా తెలుసుకొనవలసినది ఏమున్నదని కొందరు పాఠకులు అనుకొనవచ్చును. ఉన్నదనియే నా అభిప్రాయం. ఇటీవలి సంవత్సరాలలో పసుపు వంటగది దాటి ఔషధ దుకాణానికి, అక్కడి నుండి వార్తాపత్రికలకు, న్యాయస్థానాలకు కూడా చేరింది. ఒకవైపు అది సర్వరోగ నివారిణి అనే ప్రచారం, మరొకవైపు అది కాలేయానికి చేటు అనే భయం. ఈ రెండింటి నడుమ సామాన్య గృహిణి ఏది నమ్మవలెను?

నేను వృత్తిరీత్యా వైద్యుణ్ణి కాను. ప్రకృతి సిద్ధమైన జీవన విధానం మీద అభిమానంతో మన ప్రాచీన గ్రంథాలను, నేటి పరిశోధనలను ఒకే శ్రద్ధతో చదువుకొనే వాడిని. దేశీయ వైద్యం మీద అభిమానం ఉన్నవారు అడగవలసిన ప్రశ్నలు రెండే. మోతాదు ఎంత? వస్తువు శుద్ధమైనదేనా? ఈ రెండు ప్రశ్నలు అడగని అభిమానం మన వైద్యానికి మేలు చేయదు. ఆ సంగతిని పసుపును ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసంలో వివరిస్తాను.

శాస్త్ర గ్రంథాలలో హరిద్ర

సంస్కృతంలో పసుపునకు హరిద్ర, నిశ, రజని, గౌరి, కాంచని మొదలైన పేర్లు ఉన్నాయి. రుచిలో తిక్తం, కటువు, అనగా చేదు, కారం. గుణం చేత రూక్షం, లఘువు. వీర్యం చేత ఉష్ణం. కఫ దోషాన్ని హరించడంలో దీనికి ప్రత్యేకమైన పేరున్నది.

చరక సంహిత సూత్రస్థానంలోని నాలుగవ అధ్యాయంలో ఔషధ ద్రవ్యాలను వాటి కర్మలను బట్టి 50 వర్గాలుగా విభజించారు. వీటిలో కుష్ఠఘ్నం (చర్మవ్యాధులను హరించేది), లేఖనీయం (శరీరంలో అధికంగా చేరిన కొవ్వును, కఫాన్ని తగ్గించేది), విషఘ్నం (విషాన్ని హరించేది) అనే వర్గాలలో హరిద్ర కనబడుతుంది. సుశ్రుతుడు దీని పేరిటనే హరిద్రాది గణమును చెప్పాడు. ప్రమేహ రోగానికి పసుపును ఉసిరికతో కలిపి వాడే యోగాన్ని వాగ్భటుని అష్టాంగ హృదయం ప్రశంసించింది. నిశా, ఆమలకీ కలిసినది కనుక ఆ యోగానికి నిశామలకి అని పేరు వచ్చింది.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించవలెను. మన గ్రంథాలు పసుపును కేవలం పొగడి విడిచిపెట్టలేదు. ఏ రోగానికి, ఎవరికి, దేనితో కలిపి, ఎంత అనే వివేచన వాటిలో ఉన్నది. భారత ప్రభుత్వం వెలువరించిన ఆయుర్వేద ఔషధ ప్రమాణ గ్రంథంలో పసుపు చూర్ణానికి మోతాదు 1 నుండి 3 గ్రాములని పేర్కొన్నారు. ఈ అంకెను గుర్తుంచుకొనండి. ముందు ముందు దీనితో పని ఉన్నది.

పేటెంటు వ్యవహారం

1995లో అమెరికా పేటెంటు కార్యాలయం గాయాలను మాన్పడంలో పసుపు వినియోగంపై మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి చెందిన ఇద్దరు పరిశోధకులకు పేటెంటు మంజూరు చేసింది. తరతరాలుగా మన అమ్మమ్మలు చేస్తున్న పనికి మరొకరు హక్కుదారులు కావడం దేశంలో ఆందోళన కలిగించింది. అప్పుడు డాక్టర్ మషేల్కర్ నాయకత్వంలో ఉన్న భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి 1996లో ఈ పేటెంటును సవాలు చేసింది. సంస్కృత, హిందీ, ఉర్దూ గ్రంథాలతో సహా 32 ఆధారాలను సమర్పించింది. వాటిలో 1953లో భారతీయ వైద్య సంఘం పత్రికలో అచ్చయిన వ్యాసం కూడా ఒకటి. 1997లో ఆ పేటెంటు చెల్లదని తేలింది. వేపపై ఐరోపాలో ఇచ్చిన పేటెంటు కూడా 2000లో రద్దయి, 2005లో ఆ రద్దు ఖాయమయింది. ఇటువంటి అనుభవాల ఫలితంగానే 2001లో మన సంప్రదాయ విజ్ఞానాన్ని భద్రపరిచే డిజిటల్ గ్రంథాలయానికి శ్రీకారం చుట్టారు.

ఈ విజయానికి ప్రతి భారతీయుడు సంతోషించవలసినదే. అయితే అక్కడ మనం గెలిచింది ఎట్లా? ఆవేశంతో కాదు, ఆధారంతో. అచ్చులో ఉన్న పుటను, తేదీని, తయారీ విధానాన్ని చూపినందువలన గెలిచాము. పరాయివారి ముందు ఆధారం చూపిన మనం, మన ఇంటికి వచ్చే పసుపు గుళికల సీసాను కూడా అదే ఆధారం అడగవలెను కదా! ఆ పని మనలో చాలామంది చేయడం లేదు.

కొమ్ములో ఏమున్నది?

పసుపునకు ఆ వన్నె ఇచ్చే పదార్థం కర్క్యుమిన్. దీనిని 1815లోనే పసుపు నుండి వేరు చేశారు. దాని రసాయన నిర్మాణం 1910లో తేలింది. సాధారణమైన పసుపులో ఇది బరువులో సుమారు 3 శాతం ఉంటుంది. రకాన్ని బట్టి, నేలను బట్టి ఇది మారుతుంది. మేఘాలయలో పండే లకడాంగ్ రకంలో 7 శాతం వరకు ఉంటుంది.

కర్క్యుమిన్ నీటిలో దాదాపుగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. పోపులో నూనె వేడిమీద ఉండగా పసుపు వేయడం, పాలలో కలిపి మరిగించడం అనే మన ఆచారాలలో ఈ ఔచిత్యం ఉన్నది. మరొక సంగతి. తిన్న కర్క్యుమిన్‌లో అతి స్వల్ప భాగమే రక్తంలోనికి చేరుతుంది. మిగిలినది ప్రేగులలోనే ఉండి బయటకు పోతుంది. మిరియాలలోని పైపరిన్ ఈ పరిస్థితిని మారుస్తుంది. 1998లో బెంగుళూరు పరిశోధకులు ప్రకటించిన ప్రయోగంలో 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇచ్చినప్పుడు రక్తంలో దాని లభ్యత 2000 శాతం పెరిగింది.

ఈ వార్త విన్న వ్యాపారులు ఊరుకుంటారా? కర్క్యుమిన్‌ను సాంద్రం చేసి, దానికి పైపరిన్ జోడించి గుళికలుగా తయారు చేశారు. పసుపు గుణం అల్పమైతే పెంచుదామన్నది వారి ఆలోచన. కాని శరీరం అల్పంగా గ్రహించడం లోపమా, రక్షణా అన్న ప్రశ్నను ఎవరూ అడగలేదు.

ఆహారం వేరు, సాంద్ర సారం వేరు

చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక చెంచా పసుపు సుమారు 3 గ్రాములు. దానిలో కర్క్యుమిన్ సుమారు 90 మిల్లీగ్రాములు. ఐక్యరాజ్య సమితి ఆహార సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల సంయుక్త నిపుణుల సంఘం రోజుకు శరీరపు బరువులో ప్రతి కిలోకు 3 మిల్లీగ్రాముల వరకు కర్క్యుమిన్‌ను ఆమోదయోగ్యమైన పరిమితిగా నిర్ణయించింది. అంటే 60 కిలోల మనిషికి 180 మిల్లీగ్రాములు. ఇంటిలో వంటకు వాడే పసుపు ఈ పరిమితిని దాటదు. మన ఔషధ ప్రమాణ గ్రంథం చెప్పిన 1 నుండి 3 గ్రాముల చూర్ణం కూడా దీనికి లోబడే ఉన్నది. రెండు వేర్వేరు మార్గాలలో వచ్చిన లెక్కలు ఒక్కచోట కలవడం ఎంత చక్కగా ఉన్నదో చూడండి!

ఇక గుళిక సంగతి. 500 మిల్లీగ్రాముల గుళికపై '95 శాతం కర్క్యుమినాయిడ్లు' అని రాసి ఉంటే అందులో ఉన్నది 475 మిల్లీగ్రాములు. అంత కర్క్యుమిన్ కావాలంటే సుమారు 16 గ్రాముల పసుపు పొడి, అనగా 5 చెంచాలకు పైగా తినవలెను. రోజుకు మూడు గుళికలు వేసుకొనేవారు 16 చెంచాల పసుపులోని సారాన్ని మింగుతున్నారన్నమాట. పైపరిన్ కూడా చేరితే రక్తంలోనికి వెళ్లే భాగం మరెన్నో రెట్లు పెరుగుతుంది. ఏ అమ్మమ్మా, ఏ వైద్యుడూ మన దేశంలో ఒక మనిషికి నెలల తరబడి రోజూ 16 చెంచాల పసుపు తినిపించిన దాఖలా లేదు. కనుక 'వేల ఏండ్లుగా వాడుతున్నదే' అనే మాట పసుపునకు వర్తిస్తుంది గాని, ఈ గుళికకు వర్తించదు.

గుళికల వలన ప్రయోజనమే లేదని నేను అనను. 2014లో థాయిలాండులో 367 మంది మోకాళ్ల నొప్పుల రోగులపై నాలుగు వారాల పాటు చేసిన పరీక్షలో రోజుకు 1500 మిల్లీగ్రాముల పసుపు సారం, ఐబుప్రోఫెన్ మాత్రకు దీటుగా నొప్పిని తగ్గించింది. ఇది మంచి వార్తయే. కాని అది నాలుగు వారాల పరీక్ష, వైద్యుల పర్యవేక్షణలో జరిగినది. నొప్పిని తగ్గించేంత శక్తి గల ద్రవ్యాన్ని ఔషధంగానే గౌరవించవలెను. ఔషధానికి మోతాదు, కాలపరిమితి, నిషేధాలు ఉంటాయి. 'మూలిక కదా, హాని ఉండదు' అనుకోవడం ఆయుర్వేదానికే విరుద్ధం. సరిగా వాడని అమృతం విషం, సరిగా వాడిన విషం అమృతం అన్నదే మన శాస్త్ర హృదయం.

హాని జరుగుతున్నదా? జరుగుతున్నది. 2019లో ఇటలీలో పసుపు సారపు ఉత్పత్తులు వాడిన కొందరికి కాలేయపు వాపు వచ్చింది. 2022లో ఆ దేశ ఆరోగ్య శాఖ అటువంటి ఉత్పత్తులపై హెచ్చరిక ముద్రించవలెనని ఆదేశించింది. 2023లో ఆస్ట్రేలియా ఔషధ నియంత్రణ సంస్థ కూడా హెచ్చరించింది. అమెరికాలో ఔషధాల వలన కలిగే కాలేయ హానిని అధ్యయనం చేసే బృందం, 2011 నుండి 2022 వరకు తమ దృష్టికి వచ్చిన 10 కేసులను వివరించింది. వారిలో ఐదుగురు ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది, ఒకరు మరణించారు. పదిమందిలో ఏడుగురికి ఒకే రకమైన జన్యు లక్షణం ఉన్నట్లు తేలింది. కోట్లమంది వాడే వస్తువుకు పది కేసులు అల్పమే. కాని ఆ లక్షణం మనలో ఎవరికి ఉన్నదో ముందుగా తెలియదు కదా!

మా వీధిలోనే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఉన్నారు. మోకాళ్ల నొప్పులకని విదేశంలో ఉన్న మనుమడు పంపిన పసుపు గుళికలను రోజుకు మూడు చొప్పున రెండు నెలలు వాడారు. ఆకలి మందగించింది, మూత్రం ముదురు పసుపు రంగులోనికి మారింది, కళ్లు పచ్చబడ్డాయి. ఇంటివారు కామెర్లనుకొని పసరు మందు కోసం వెదకసాగారు. ఆసుపత్రిలో వైద్యుడు ఏమేమి మందులు వాడుతున్నారని అడిగినప్పుడు ఆయన రక్తపోటు మాత్ర పేరు చెప్పి ఊరుకున్నారు. గుళికల సీసాను కోడలు చూపించింది. 'అది మందు కాదండీ, పసుపే కదా!' అన్నారట మాస్టారు. వైద్యుడు వాటిని మాన్పించిన తరువాత కొన్ని వారాలకు ఆయన కోలుకున్నారు. 'పసుపే కదా' అనే ఆ ఒక్క మాటలోనే ప్రమాదమంతా ఉన్నది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. అదే చెట్టు సీసాలో చేరి, విదేశీ చీటీ అంటించుకొని వస్తే మాత్రం మోతాదు కూడా అడగకుండా మింగుతున్నాము.

రంగు వెనుక విషం

గుళికల ఊసు లేని ఇండ్లకు కూడా సంబంధించినది ఈ రెండవ ప్రశ్న. మన పోపుల పెట్టెలో ఉన్నది పసుపేనా?

పసుపు పంట దాదాపు తొమ్మిది నెలలు నేలలో ఉంటుంది. తవ్విన దుంపలను ఉడకబెట్టి, కల్లంలో రోజుల తరబడి ఎండబెట్టి, పిమ్మట పైపొట్టు పోయి నున్నబడేందుకు డ్రమ్ములలో వేసి త్రిప్పుతారు. దీనినే పాలిష్ అంటారు. కల్తీకి తావిచ్చే ఘట్టాలలో ఇది ముఖ్యమైనది. మబ్బు పట్టి, వాన తడిసి, వన్నె తగ్గిన కొమ్ములకు మెరుపు తెచ్చేందుకు కొందరు లెడ్ క్రోమేటు అనే పసుపు రంగును పూస్తారు. ఇది సీసపు లవణం. గోడలకు, ఇనుప సామానుకు వేసే రంగులలో వాడే పదార్థం.

సీసం శరీరానికి ఏ విధంగానూ అవసరం లేని లోహం. దీనికి హానిరహితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పసిపిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది. బుద్ధి కుశలత, ఏకాగ్రత తగ్గుతాయి. గర్భిణి రక్తంలోని సీసం శిశువుకు చేరుతుంది. పెద్దవారిలో రక్తపోటు, మూత్రపిండాల వ్యాధులు కలుగుతాయి. వండినంత మాత్రాన సీసం పోదు.

2024లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో భారత్, పాకిస్తాన్, నేపాల్, శ్రీలంకలలోని 23 నగరాల నుండి పసుపు నమూనాలను సేకరించి పరీక్షించారు. 14 శాతం నమూనాలలో గ్రాముకు 2 మైక్రోగ్రాములకు మించి సీసం ఉన్నది. మన దేశపు పాట్నాలోను, పాకిస్తాన్‌లోని కరాచీ, పెషావర్‌లలోను కొన్ని నమూనాలలో అది 1000 మైక్రోగ్రాములకు మించింది. మన దేశపు ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం అనుమతించిన హద్దు గ్రాముకు 10 మైక్రోగ్రాములు మాత్రమే.

దీనికి పరిష్కారం లేదా? పొరుగున ఉన్న బంగ్లాదేశ్ చేసి చూపింది. అక్కడ 1980లలో వచ్చిన పెద్ద వరదల తరువాత వన్నె తగ్గిన పసుపునకు ఈ రంగు కలిపే దురలవాటు మొదలయిందని పరిశోధకులు గుర్తించారు. 2019లో అక్కడి ఆహార భద్రతా సంస్థ ప్రజలను హెచ్చరించింది, టోకు బజారులో తనిఖీలు జరిపి కల్తీదారులకు జరిమానా విధించింది. 2019లో 47 శాతం నమూనాలలో సీసం కనబడగా, 2021 నాటికి అది సున్నాకు చేరింది. పసుపు మిల్లులలో పనిచేసే కూలీల రక్తంలోని సీసం కూడా తగ్గింది. రెండేండ్లలో సాధ్యమైన పని ఇది! సంకల్పం ఉంటే మనకూ సాధ్యమే.

రైతు, బజారు, మనము

పసుపు మన రెండు తెలుగు రాష్ట్రాలకు ముఖ్యమైన పంట. నిజామాబాదు, జగిత్యాల, దుగ్గిరాల, కడప ప్రాంతాల పేర్లు పసుపు వర్తకంలో దేశమంతటా తెలిసినవే. 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు నియోజకవర్గం నుండి 185 మంది పోటీ చేయడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వారిలో 170 మందికి పైగా గిట్టుబాటు ధర కోసం, పసుపు బోర్డు కోసం నామినేషన్లు వేసిన రైతులే. ఆ బోర్డును కేంద్రం 2023 అక్టోబరులో ప్రకటించింది. 2025 జనవరిలో అది నిజామాబాదు కేంద్రంగా ప్రారంభమయింది.

బోర్డు వచ్చినందుకు సంతోషమే. అయితే ఆరోగ్య దృష్టితో నేను కోరేది వేరొకటి ఉన్నది. ధరను రంగును బట్టి, మెరుపును బట్టి నిర్ణయించినంత కాలం కల్తీకి ప్రలోభం ఉంటుంది. ప్రతి పెద్ద మార్కెట్ యార్డులో సీసపు పరీక్ష, కర్క్యుమిన్ శాతపు పరీక్ష రైతుకు, కొనుగోలుదారుకు అందుబాటులో ఉండవలెను. శుద్ధమైన సరుకు పండించిన రైతుకు ఆ శుద్ధతకే ధర రావలెను. పొట్లంపై ఆ వివరాలు అచ్చు వేయవలెను.

ప్రకటనల సంగతి కూడా చెప్పక తప్పదు. మధుమేహం, క్యాన్సర్ వంటి వ్యాధులను నయం చేస్తామని మందులను ప్రకటించడాన్ని మన దేశంలో 1954 నాటి చట్టమే నిషేధించింది. 2024లో తప్పుదారి పట్టించే ప్రకటనల కేసులో ఒక పేరుమోసిన ఆయుర్వేద సంస్థ అధిపతులు సుప్రీంకోర్టుకు క్షమాపణ చెప్పుకొన్నారు. కొందరు దీనిని ఆయుర్వేదం మీద దాడి అన్నారు. నాకు అట్లా తోచలేదు. అబద్ధపు ప్రకటన వలన నష్టపోయేది ముందు రోగి, తరువాత ఆయుర్వేదం. కల్తీ నాణెం చెలామణిలో ఉంటే అసలు నాణేనికి కూడా విలువ తగ్గుతుంది.

మన వంతు కూడా ఉన్నది. మిలమిల మెరిసే పసుపే మంచిదని కొనేది మనమే. కాస్త మసకగా, మట్టి వన్నెతో, గరుకుగా ఉన్న కొమ్మును ప్రక్కకు నెట్టేది మనమే. మన కంటి అలవాటు మారితే బజారు మారుతుంది.

కొనేటప్పుడు చూడవలసినవి

వీలైనంత వరకు పొడి కాక కొమ్ములనే కొనవలెను. అతిగా నున్నగా, ఒకే తీరుగా మెరిసే కొమ్ములను విడిచిపెట్టవలెను. గాజు గ్లాసులోని నీటిలో కొమ్ము వేసినప్పుడు వెంటనే ముదురు పసుపు రంగు విడిస్తే అది రంగు పూసిన సరుకని అనుమానించవలెను. పొడి అయితే గ్లాసు నీటిలో ఒక చెంచా వేసి కదపక ఉంచవలెను. మంచి పసుపు లేత వన్నె విడుస్తూ అడుగునకు చేరుతుంది. కృత్రిమమైన రంగు ఉన్నది అడుగునకు చేరుతూ నీటిని ముదురు పసుపుగా మారుస్తుంది.

ఈ పరీక్షలు అనుమానాన్ని కలిగించగలవే గాని నిర్దోషిత్వాన్ని నిరూపించలేవు. స్వల్పంగా కలిసిన సీసం ప్రయోగశాలలో మాత్రమే తెలుస్తుంది. కనుక తెలిసిన రైతు నుండి ఏడాదికి సరిపడా కొమ్ములు తెచ్చుకొని, కడిగి, ఎండబెట్టి, దంచుకొనడం లేక నమ్మకమైన మరలో పట్టించుకొనడం ఉత్తమం. ఆ వీలు లేనివారు విడి పొడి కాకుండా, తయారీదారు పేరు, ఆహార లైసెన్సు సంఖ్య ఉన్న మూసిన పొట్లం కొనవలెను.

గృహవైద్యంలో పసుపు

నేను మా ఇంటిలో వాడే తీరు, పెద్దల వలన, గ్రంథాల వలన తెలిసిన తీరు ఇక్కడ ఇస్తున్నాను. ఇవి చిన్న చిన్న బాధలకు మాత్రమే.

పడిశం, పొడి దగ్గు: ఒక గ్లాసు పాలలో పావు చెంచా పసుపు, చిటికెడు మిరియాల పొడి వేసి మరిగించి, రాత్రి నిద్రకు ముందు గోరువెచ్చగా త్రాగవలెను. మూడు నుండి ఐదు రోజులు చాలును. 2020లో కరోనా కాలంలో ఆయుష్ మంత్రిత్వ శాఖ సూచించినది కూడా 150 మిల్లీలీటర్ల వేడి పాలలో అర చెంచా పసుపే. అంతకు మించి ఎక్కువ వేస్తే ఎక్కువ మేలు అనుకొనరాదు. మూడు రోజులకు మించి జ్వరం ఉన్నా, ఆయాసం ఉన్నా వెంటనే వైద్యుణ్ణి చూడవలెను.

గొంతు గరగర: గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు, పావు చెంచా పసుపు వేసి రోజుకు రెండు మూడుసార్లు పుక్కిలించవలెను.

చర్మానికి నలుగు: పెసరపిండి నాలుగు భాగాలు, పసుపు ఒక భాగం కంటె తక్కువగా కలిపి, పాల మీగడతో గాని నువ్వుల నూనెతో గాని నలుగు పెట్టుకొనవలెను. ఎర్రదనం, దురద కలిగితే మానవలెను.

చిన్న గీరుడు గాయం: ముందుగా పారే నీటితో, సబ్బుతో బాగా కడగవలెను. పసుపు కొమ్మును సానపై అరగదీసిన గంధాన్ని పైపై గీతకు పలుచగా రాయవచ్చును. లోతైన గాయానికి, తుప్పు పట్టిన మేకు దిగిన గాయానికి, కాలిన గాయానికి పసుపు అద్ది ఊరుకొనరాదు. ధనుర్వాతపు ఇంజెక్షను, వైద్యుని సలహా తప్పనిసరి.

మధుమేహం: నిశామలకి మంచి యోగమే. కాని అది వాడుతున్నామని చెప్పి వైద్యుడు ఇచ్చిన మాత్రలను, ఇన్సులిన్‌ను మానరాదు. ఆయుర్వేద వైద్యుని పర్యవేక్షణలో, రక్తంలో చక్కెర పరీక్షించుకొంటూ మాత్రమే సేవించవలెను.

అప్పుడే పుట్టిన బిడ్డ బొడ్డుకు పసుపు పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉన్నది. ఇది తగదు. బొడ్డును శుభ్రంగా, పొడిగా ఉంచడమే నేటి వైద్యం చెప్పే మార్గం. శుద్ధి చేయని ఏ పొడి అయినా ఆ పచ్చి పుండులోనికి సూక్ష్మజీవులను చేరవేయవచ్చును. పసుపు మీద గౌరవం ఉన్నవారు అది ఎక్కడ పనికిరాదో కూడా తెలుసుకొనవలెను.

ఎవరు జాగ్రత్తగా ఉండవలెను?

వంటలోని పసుపు దాదాపు అందరికీ హితమే. సాంద్ర గుళికల విషయంలో మాత్రం ఈ క్రింది వారు వైద్యుని సలహా లేకుండా వాటి జోలికి పోరాదు. కాలేయ వ్యాధి ఉన్నవారు, పిత్తాశయంలో రాళ్లు ఉన్నవారు, వార్ఫరిన్ వంటి రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు వాడేవారు, శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్నవారు, గర్భిణులు, బాలింతలు, క్యాన్సర్ చికిత్స పొందుతున్నవారు. అధిక మోతాదులో కర్క్యుమిన్ ఆహారంలోని ఇనుమును పట్టి ఉంచుతుంది గనుక రక్తహీనత ఉన్నవారు కూడా ఆలోచించవలెను. ఎవరు వాడినా సరే ఆకలి లేకపోవడం, వికారం, విపరీతమైన నీరసం, ముదురు రంగు మూత్రం, కళ్లు పచ్చబడడం కనబడితే వెంటనే గుళికలు మాని ఆసుపత్రికి వెళ్లి కాలేయ పరీక్ష చేయించుకొనవలెను. వైద్యునికి చెప్పే మందుల జాబితాలో మూలికల పేర్లు, గుళికల పేర్లు, కషాయాల పేర్లు తప్పక చేర్చవలెను.

ముగింపు

ఆరోగ్యం సీసాలో కొని తెచ్చుకొనే వస్తువు కాదు. వేళకు భోజనం, తగినంత నడక, చాలినంత నిద్ర, కల్తీ లేని దినుసులు – వీటి నడుమ ఉన్నప్పుడే చిటికెడు పసుపు తన పని తాను చేస్తుంది. ఇవేవీ లేకుండా గుప్పెడు గుళికలు మ్రింగినా ఫలితం ఉండదు, పైగా కీడు కలుగవచ్చును.

పాఠకులకు నా మనవి ఇదే. ఏ మూలిక గురించి ఎవరు చెప్పినా నాలుగు ప్రశ్నలు వేయండి. ఇది ఆహారపు మోతాదా, ఔషధపు మోతాదా? ఎన్నాళ్లు వాడవలెను? నేను వాడే ఇతర మందులతో దీనికి పొత్తు కుదురుతుందా? ఇది శుద్ధమైనదని ఎవరు పరీక్షించారు? సమాధానం చెప్పగలవారి వద్దనే మందు తీసుకొనండి. ఈ వారంలో ఒక పని చేయండి. ఇంటిలోని పసుపు డబ్బాను గాజు గ్లాసు నీటితో పరీక్షించండి. ఇంటిలో పెద్దవారు వాడుతున్న గుళికల సీసాలను ఒకచోట చేర్చి, ఒక్కొక్కదానిలో ఏది ఎంత ఉన్నదో కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని వారి వైద్యునికి చూపించండి.